వెయ్యిమందిలో నలుగురి కోసం

2019లో తెలంగాణకు వచ్చిన పర్యాటకులు 8.33 కోట్ల మంది అని సర్కారు లెక్క. 2011 జనగణనలో ఈ రాష్ట్ర జనాభా మూడున్నర కోట్లు. అంటే జనాభాకు రెండింతలు దాటి జనం వచ్చి వెళ్లారన్నమాట. మురిసిపోయే ముందు ఈ అంకెను కాస్త విడదీసి చూడాలి. 8.33 కోట్లలో విదేశీయులు 3.23 లక్షలు. వెయ్యిమందిలో నలుగురు.

పర్యాటక శాఖలు తీయించే వీడియోలు, విదేశీ ప్రదర్శనల్లో పెట్టే స్టాళ్లు, విమానాశ్రయాల్లో వెలిగే హోర్డింగులు, అందాల పోటీలు, కార్ల రేసులు ప్రధానంగా ఆ నలుగురి కోసమే. మిగతా 996 మందిలో ఎక్కువమంది ప్రకటన చూసి బయల్దేరినవాళ్లు కారు. మొక్కు ఉంది కాబట్టి వేములవాడ వెళ్లారు. పిల్లవాడికి పుట్టువెంట్రుకలు తీయించాలి కాబట్టి యాదగిరిగుట్ట ఎక్కారు. కల్యాణం చూడాలని భద్రాచలం బస్సెక్కారు. ఇలాంటి ప్రతి రాకా దేశీయ పర్యాటకుల ఖాతాలో పడుతుంది. ఇక్కడ లెక్కించేది మనుషుల్ని కాదు, రాకల్ని. ఏడాదిలో రెండు క్షేత్రాలకు వెళ్లిన నలుగురి కుటుంబం ఆ పట్టికలో ఎనిమిది మంది అయిపోతుంది.

2018లో దేశీయ పర్యాటకులు 9.29 కోట్లు. మరుసటి ఏడాది 8.30 కోట్లు. ఒక్క ఏడాదిలో కోటి తగ్గారు. ప్రచారం విఫలమైందని దీన్ని చూసి ఎవరైనా వ్యాసం రాస్తే నవ్వుకోవచ్చు. మేడారం జాతర రెండేళ్లకోసారి జరుగుతుంది. 2018లో జరిగింది, 2019లో లేదు. జాతరకు వచ్చిన జనమని అధికారులు చెప్పే అంకె కూడా కోటికి అటూ ఇటూ ఉంటుంది. తేడా మొత్తం జాతరదే అనలేం గానీ, దాన్ని పక్కనపెట్టి ఆ పట్టికను చదవడం కుదరదు. 2015లో గోదావరి పుష్కరాలు, 2016లో కృష్ణా పుష్కరాలు. ఆ రెండేళ్లూ అంకె 9.4 కోట్లు దాటింది. సమ్మక్క, సారలమ్మలకు ప్రచార బడ్జెట్ అక్కర్లేదు.

కాబట్టి ప్రచారం గురించి మాట్లాడాలంటే ఆ నలుగురి దగ్గరికే రావాలి. ఈ విషయంలో హైదరాబాద్ దారి కాస్త వేరు. మిగతా నగరాలు కోటల్నీ, బీచ్‌లనీ చూపి పిలిచాయి. ఈ నగరం పాతికేళ్లుగా ఆఫీసుల్ని చూపి పిలుస్తోంది.

న్యూయార్క్ రాష్ట్రం ఎర్ర గుండె బొమ్మతో ప్రచారం మొదలుపెట్టింది 1977లో. ఆ బొమ్మ గీసిన మిల్టన్ గ్లేజర్ డబ్బు తీసుకోలేదు. కేరళ తనను దేవుడి సొంత దేశంగా చెప్పుకోవడం 1989 నుంచి. మలేషియా తానే అసలైన ఆసియా అన్నది 1999లో. మన దేశం ‘ఇన్‌క్రెడిబుల్ ఇండియా’ అన్నది 2002లో. ఇవన్నీ లక్షలమందిని ఉద్దేశించి వేసిన కేకలు. హైదరాబాద్ మాత్రం 1997లో ఒకే ఒక్క మనిషికి ల్యాప్‌టాప్ తెరిచి చూపింది. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఢిల్లీలో బిల్ గేట్స్‌ను కలిసి ఇచ్చిన ప్రజెంటేషన్ అది. పది నిమిషాలు అనుకున్న భేటీ ముప్పావుగంట సాగిందని తర్వాత లెక్కలేనన్ని సభల్లో విన్నాం. 1998లో మైక్రోసాఫ్ట్ ఇక్కడ అభివృద్ధి కేంద్రం తెరిచింది. అదే ఏడాది నవంబర్ 22న ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. పది అంతస్తుల గుండ్రటి భవనం. అది తెరుచుకున్న పదహారు నెలలకు, 2000 మార్చి 24న, అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైటెక్ సిటీకి వచ్చి మాట్లాడి వెళ్లారు.

దాన్ని పర్యాటక ప్రచారం అని అప్పుడెవరూ అనలేదు. పెట్టుబడి కోసం చేసిన పని అది. కానీ ఫలితం మాత్రం పర్యాటక పట్టికలోనే కనిపిస్తుంది. ఒక కంపెనీ ఇక్కడికి రావాలని నిర్ణయించుకుంటే, దాని వెనక ఏటా మేనేజర్లు వస్తారు, ఆడిటర్లు వస్తారు, శిక్షణ ఇచ్చేవాళ్లు వస్తారు, కొనుగోలుదారులు వస్తారు. ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ నిర్వచనం ప్రకారం వీళ్లంతా పర్యాటకులే. తాము రోజూ ఉండే చోటు వదిలి, ఏడాదికి మించకుండా, కనీసం ఒక రాత్రి మరోచోట గడిపితే చాలు. వచ్చిన చోట ఉద్యోగంలో చేరి జీతం తీసుకోకూడదు, అంతే షరతు. గోల్కొండ చూశారా, గచ్చిబౌలిలో మీటింగుకు కూర్చున్నారా అన్నది ఆ నిర్వచనానికి పట్టదు.

మరి హోటలు యజమానికి? ఆయనకు బాగా పడుతుంది. ఇక్కడ కాస్త కాగితం, పెన్సిలు తీద్దాం.

గోల్కొండ కోటకు ఏడాదికి వచ్చేవారు ఇటీవలి లెక్కల్లో 15 లక్షలకు పైనే. భారతీయులకు టికెట్ 25 రూపాయలు. పిల్లల మినహాయింపు, ఆన్‌లైన్ తగ్గింపు, విదేశీయులు కట్టే 300 వదిలేసి అందరూ 25 కట్టారనుకుంటే ఏడాదికి 3.75 కోట్లు. ఇప్పుడు మాదాపూర్ రండి. హైదరాబాద్ ఇంటర్నేషనల్ కన్వెన్షన్ సెంటర్, అందరూ హెచ్ఐసీసీ అనేది, 2006 జనవరిలో తెరుచుకుంది. మధ్యలో ఒక్క స్తంభం లేని హాలు, 6,480 చదరపు మీటర్లు. అయిదు వేలమందికి పైగా ఒకే కప్పు కింద కూర్చోవచ్చు. పక్కనే ఆనుకుని ఉన్న హోటల్లో గదులు 300కు కాస్త తక్కువ. అందుకే సదస్సు ఒక చోట జరిగితే గదులు కొండాపూర్ నుంచి బంజారాహిల్స్ దాకా నిండుతాయి. అయిదు వేలమంది ప్రతినిధుల్లో నాలుగు వేలమంది బయటి ఊళ్లవాళ్లనీ, మూడు రాత్రులు ఉన్నారనీ, గది అద్దె 8 వేలనీ అనుకుందాం. ఇది నా ఊహ లెక్క, ఎవరి పద్దులోంచీ తీసింది కాదు. 12 వేల రూమ్ నైట్స్. 9.6 కోట్లు. గోల్కొండ కోట ఏడాది పొడవునా తెచ్చే టికెట్ సొమ్ముకు రెండున్నర రెట్లు, మూడు రోజుల్లో.

ఇంకో మెలిక ఉంది. గోల్కొండ టికెట్ డబ్బు కేంద్ర పురావస్తు శాఖకు పోతుంది. గది అద్దె రోజుకు 7,500 దాటితే జీఎస్టీ 18 శాతం. 9.6 కోట్ల మీద అది 1.73 కోట్లు. అందులో సగం రాష్ట్ర ఖజానాకు. గోల్కొండ చుట్టూ మరుగుదొడ్డి కట్టించడానికి లేని తొందర సదస్సుల కోసం రోడ్డు వేయించడానికి ఎందుకు ఉంటుందో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. దీన్ని సమర్థించడం లేదు. గోల్కొండకు వచ్చిన పదిహేను లక్షల మంది తాగే చాయ్, ఎక్కే ఆటో, మాట్లాడుకునే గైడు, కొనే జామకాయ ఏ జీఎస్టీ బిల్లులోనూ కనిపించవు. ఆ డబ్బు చిన్న చేతుల్లోకి నేరుగా వెళ్తుంది. ఖజానాకు కనిపించని డబ్బు ప్రణాళికకూ కనిపించదు.

హెచ్ఐసీసీ తెరిచిన నాలుగు నెలలకే, 2006 మేలో, ఆసియా అభివృద్ధి బ్యాంకు వార్షిక సమావేశం అక్కడ జరిగింది. 2010 ఆగస్టులో ప్రపంచ గణిత మహాసభ జరిగింది, మూడు వేలమంది దాకా గణితవేత్తలు వచ్చారు. 2012 అక్టోబరులో పన్నెండు రోజులపాటు జీవవైవిధ్య ఒప్పందం 11వ సదస్సు. 2018 ఫిబ్రవరిలో ప్రపంచ ఐటీ మహాసభ, భారత్‌లో మొదటిసారి. ఇవి వేల సంఖ్యలే, లక్షలు కావు. కానీ ఈ వేలమంది ఒంటరిగా గది తీసుకుంటారు, కంపెనీయో ప్రభుత్వమో బిల్లు కడుతుంది, తిరిగి వెళ్లాక తమ రంగంలో పదిమందికి చెబుతారు. ప్రకటనకు ఇంతకన్నా ఏం కావాలి?

అయితే ఇలాంటి అతిథి కోసం నగరం కొన్నిసార్లు తన జనాన్నే దాచిపెడుతుంది. 2017 నవంబర్ 28 నుంచి 30 వరకు ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. దాదాపు 150 దేశాల నుంచి 1,500 మంది వచ్చారు. ఇవాంకా ట్రంప్ వచ్చారు. ఫలక్‌నుమా ప్యాలెస్‌లో విందు జరిగింది, ఆ పొడవాటి బల్ల దగ్గర 101 మంది కూర్చోవచ్చు. అంతకు మూడు వారాల ముందు, నవంబర్ 8 నుంచి రెండు నెలలపాటు నగర రోడ్ల మీద భిక్షాటన నిషేధిస్తూ పోలీసులు ఉత్తర్వు ఇచ్చారు. రోడ్ల మీది మనుషుల్ని జైళ్ల ప్రాంగణాల్లోని ఆశ్రమాలకు తరలించారు. ఎవరైనా కనిపిస్తే చెప్పినవారికి 500 రూపాయలు ఇస్తామని జైళ్ల శాఖ ప్రకటించింది. ప్రచార ఖర్చుల్లో ఎవరూ రాయని పద్దు ఇది. 2000లో క్లింటన్ వచ్చినప్పుడూ ఇదే జరిగింది.

ఇక పెద్ద వేడుకల సంగతి. ఇక్కడ అంకెలు బాగా జారుతాయి.

గచ్చిబౌలి స్టేడియం సముదాయం సైబరాబాద్ ప్రచారానికి పాత వేదిక. 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలకు అది సిద్ధమైంది. 2009 ఆగస్టులో అక్కడి ఇండోర్ స్టేడియంలో ప్రపంచ బ్యాడ్మింటన్ చాంపియన్‌షిప్ మొదలవబోతుంటే, ఉగ్రవాద ముప్పు ఉందన్న వార్తలతో ఇంగ్లండ్ జట్టు ఆడకుండానే వెళ్లిపోయింది. పోటీలు సజావుగా ముగిశాయి. కానీ బయటి పత్రికల్లో ఆ వారం హైదరాబాద్ పేరు కనిపించింది ఆటల పేజీలో గెలుపు వార్త కోసం కాదు.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున దేశంలోనే తొలి ఫార్ములా-ఈ రేసు జరిగింది. దానివల్ల నగరానికి దాదాపు 8.4 కోట్ల డాలర్ల ఆర్థిక లాభం కలిగిందని నీల్సన్ అంచనా వేసింది. మన డబ్బులో 700 కోట్లు. చూడటానికి వచ్చినవాళ్లు సుమారు 31 వేలు. భాగిస్తే మనిషికి 2.25 లక్షలు. వాళ్లలో సగానికి పైగా హైదరాబాద్‌వాళ్లే. ఇంటి నుంచి మెట్రోలో ఖైరతాబాద్ వచ్చి రేసు చూసి వెళ్లినవాడు నగరానికి రెండు లక్షలు తెచ్చాడా? లేదు. ఇలాంటి అంచనాల్లో టీవీలో నగరం కనిపించిన ప్రతి సెకనుకూ ప్రకటన ధర కడతారు. డబ్బు ఎవరి జేబులోకీ రాదు, ‘ఇంత ప్రకటన కొనాలంటే ఇంత అయ్యేది’ అన్న లెక్క మాత్రం వస్తుంది. ఆ లెక్క తప్పని కాదు, దాన్ని రాబడి అని చదవడం తప్పు. రెండో ఏడాది రేసు రద్దయింది. నిర్వాహకులకు జరిపిన దాదాపు 55 కోట్ల చెల్లింపు మీద 2024 డిసెంబరులో ఏసీబీ కేసు నమోదైంది. దాన్ని తేల్చాల్సింది కోర్టు.

2025 మే నెలంతా మిస్ వరల్డ్. మే 10న గచ్చిబౌలి స్టేడియంలో ఆరంభం, మే 31న హైటెక్స్‌లో ముగింపు. 108 మంది పోటీదారులు. థాయిలాండ్ యువతి ఓపల్ సుచాతా కిరీటం గెలుచుకున్నారు. ‘తెలంగాణ జరూర్ ఆనా’ అన్న నినాదం ఊరంతా కనిపించింది. మొత్తం ఖర్చు 54 కోట్లనీ, అందులో సగం, 27 కోట్లు, రాష్ట్రం వాటా అనీ ప్రభుత్వం చెప్పింది. ప్రతిపక్షం అంతకంటే చాలా పెద్ద అంకె చెప్పింది. ప్రభుత్వ అంకెనే తీసుకుని ఇంకో అంకె పక్కన పెట్టండి. విదేశాల్లో భారతదేశం గురించి ప్రచారం చేయడానికి కేంద్ర బడ్జెట్‌లో 2024-25కు 33.02 కోట్లు ఉంటే, 2025-26కు అది 3.07 కోట్లకు పడిపోయింది. దేశం మొత్తానికి మూడు కోట్లు, ఒక రాష్ట్రం ఒక పోటీకి ఇరవై ఏడు. ఇందులో ఏది పిసినారితనం, ఏది దుబారా అన్నది చదివేవారి ఇష్టం. నాకైతే మూడు కోట్లే ఎక్కువ ఆశ్చర్యంగా ఉంది.

పోటీదారుల్ని చార్మినార్ దగ్గర నడిపించారు, నాగార్జునసాగర్ బుద్ధవనం చూపించారు, పోచంపల్లి మగ్గాల దగ్గర కూర్చోబెట్టారు, గచ్చిబౌలిలో ఏఐజీ ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆసుపత్రి ఎందుకంటే వైద్యం కోసం వచ్చే విదేశీయులు కూడా పర్యాటకులే, పైగా ఎక్కువ రోజులు ఉంటారు. ప్రణాళిక బాగానే ఉంది. కానీ జనం గుర్తుపెట్టుకున్న దృశ్యం వేరు. 2021లో యునెస్కో గుర్తింపు పొందిన రామప్ప గుడి దగ్గర స్థానిక మహిళలు పోటీదారుల పాదాలు కడుగుతున్న వీడియో దేశమంతా తిరిగింది, విమర్శలు వెల్లువెత్తాయి. ఆ తర్వాత మిస్ ఇంగ్లండ్ పోటీ మధ్యలో వెళ్లిపోయి ఆరోపణలు చేశారు, నిర్వాహకులు వాటిని తోసిపుచ్చారు. ప్రకటన కొంటే మనం చెప్పమన్నదే చెబుతారు. వేడుక కొంటే కెమెరా తనకు నచ్చింది చూపిస్తుంది.

ఇక ఇదంతా పనిచేసిందా అన్న ప్రశ్న. 2014లో తెలంగాణకు వచ్చిన విదేశీ పర్యాటకులు 75,171. 2019లో 3.23 లక్షలు. అయిదేళ్లలో నాలుగు రెట్లు! ఈ వాక్యం ఎన్ని కరపత్రాల్లో కనిపించి ఉంటుందో. కానీ 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చినవారు 2.23 లక్షలు. 2014లో రెండు రాష్ట్రాల అంకెలు కలిపినా 1.41 లక్షలే. రాష్ట్రం విడిపోయిన ఏడాది లెక్కలు కిందికి పడ్డాయి, మెట్లు అక్కడి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాం. ‘ఇన్‌క్రెడిబుల్ ఇండియా’దీ ఇదే కథ. 2002లో 23.8 లక్షల విదేశీయులు వస్తే 2004లో 34.6 లక్షలు. అయితే 2002 అంటే న్యూయార్క్ దాడుల మరుసటి ఏడాది, పార్లమెంటు మీద దాడి తర్వాత సరిహద్దుల్లో సైన్యాలు ఎదురెదురుగా నిలిచిన ఏడాది. కొంత పెరుగుదల ప్రచారానిదే కావచ్చు. మిగతాది భయం తగ్గడంవల్ల వచ్చింది.

నాకు మరీ ఆసక్తిగా అనిపించే జత ఇంకొకటి ఉంది. కోవిడ్ తర్వాత, 2023లో, దేశానికి వచ్చిన విదేశీయులు 95.2 లక్షలు. 2019లో 1.09 కోట్లు. అంటే 87 శాతం కోలుకున్నాం. తెలంగాణకు 2023లో వచ్చినవారు 1.61 లక్షలు. 2019తో పోలిస్తే సరిగ్గా సగం. అదే కాలంలో తెలంగాణ ఐటీ ఎగుమతులు 2019-20లో 1.29 లక్షల కోట్ల నుంచి 2022-23లో 2.41 లక్షల కోట్లకు, ఇంచుమించు రెట్టింపయ్యాయి. ఉద్యోగులు తొమ్మిది లక్షలు దాటారు. పని రెట్టింపయింది, పని మీద వచ్చే మనిషి సగమయ్యాడు. నా అనుమానం ఏమిటంటే, కార్యాలయాల నగరానికి వచ్చే విదేశీ అతిథి వీడియో కాల్‌కు అలవాటు పడ్డాడు. తాజ్‌మహల్‌ను వీడియో కాల్‌లో చూసి తృప్తిపడేవాళ్లు ఉండరు. సమీక్షా సమావేశం మాత్రం అందులో బ్రహ్మాండంగా జరిగిపోతుంది. ఆఫీసును చూపి పిలిచిన ప్రచారానికి ఉన్న బలహీనత ఇదే కావచ్చు.

పైగా ఈ ఆఫీసులు బయటివాళ్లు లోపలికి వెళ్లి చూసేవి కావు. 2019 ఆగస్టులో నానక్‌రామ్‌గూడలో అమెజాన్ తెరిచిన భవనం ఆ కంపెనీకి ప్రపంచంలోనే అతిపెద్దది, 15 వేలమంది పనిచేసేంత. సందర్శకుడు రోడ్డు మీంచి ఫొటో తీసుకోవాల్సిందే. ఈ వైపు జనం నిజంగా చూడటానికి వచ్చేది రెండే. ఒకటి 1992 నుంచి, అంటే హైటెక్ సిటీ కంటే ముందు నుంచీ ఉన్న శిల్పారామం. రెండోది 2020 సెప్టెంబర్ 25న తెరిచిన దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి. 754 మీటర్లు, 184 కోట్లు. ట్రాఫిక్ తగ్గించడానికి కట్టిన వంతెన మీద సెల్ఫీల కోసం జనం ఎంతగా ఎగబడ్డారంటే, మొదట్లో శని, ఆదివారాలు వాహనాలనే ఆపేయాల్సి వచ్చింది. దానికి టికెట్ లేదు. కాబట్టి ఏ పట్టికలోనూ లేదు.

లెక్కకు అందనివాళ్లలో మరో పెద్ద జట్టు మనవాళ్లే. 2017 నాటికి అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 4.15 లక్షలు. 2010తో పోలిస్తే 86 శాతం ఎక్కువ, అక్కడి పెద్ద భాషల్లో దేనికీ అంత వేగం లేదు. డిసెంబరు సెలవులకు కూకట్‌పల్లిలో అమ్మానాన్నల దగ్గరికి వచ్చే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు చేతిలో అమెరికా పాస్‌పోర్టు ఉంటే దేశం లెక్కలో విదేశీ పర్యాటకుడు. భారత పాస్‌పోర్టు ఉంటే ప్రవాస భారతీయుల ఖాతాలోకి వెళ్తాడు. 2023లో దేశానికి వచ్చిన ఈ రెండో రకంవాళ్లు 93 లక్షలకు పైనే, అంటే విదేశీయులతో దాదాపు సమానం. విదేశీయులని రాసినవారిలో కూడా పావు వంతుకు పైగా భారతీయ మూలాలున్నవాళ్లే. వీళ్లు హోటల్లో దిగరు. కానీ పెళ్లి హాలు, నగలు, పంటి వైద్యం, తిరుపతి ప్రయాణం, శంషాబాద్ క్యాబ్ అన్నీ వీళ్లవే.

తెలంగాణ 2025-30 పర్యాటక విధానం 15 వేల కోట్ల పెట్టుబడి లక్ష్యం పెట్టుకుంది. ఆ డబ్బులో కొంత లెక్కలు సరిగ్గా వేయడానికి పెడితే బాగుంటుంది. దానికి మంచి చోటు కూడా ఐటీ కారిడార్‌లోనే ఉంది. నానక్‌రామ్‌గూడలో 2023 మార్చి 20న తెరుచుకున్న అమెరికా కాన్సులేట్ కొత్త భవనం, 34 కోట్ల డాలర్ల కట్టడం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఒడిశాల నుంచి వీసా ఇంటర్వ్యూకు వచ్చేవాళ్లు ముందురోజు రాత్రే గచ్చిబౌలిలో గది తీసుకుంటారు, కొందరు చిలుకూరు బాలాజీకి ప్రదక్షిణలు చేసి మరీ వెళ్తారు. ఆ గుడిలో హుండీ లేదు, కాన్సులేట్‌కు హోర్డింగ్ లేదు. శ్రీకాకుళం నుంచో బరంపురం నుంచో వచ్చి ఇక్కడ ఒక రాత్రి ఉన్న ఆ పిల్లలూ, తోడొచ్చిన తండ్రులూ నిర్వచనం ప్రకారం నికార్సైన పర్యాటకులు. లోపల 54 కిటికీలు. వాటి ముందు నిలబడ్డవాళ్లలో ఎందరు రాత్రి ఇక్కడే బస చేశారు, గదికి ఎంత కట్టారు, ఏం తిన్నారు అని ఒక్క నెల అడిగి రాసుకుంటే, మిస్ వరల్డ్ కంటే చాలా చౌకగా తేలిపోయే సర్వే అది.